జెర్డన్ దొరయు కలివికోడియు

హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు రైలుబండిలో పోవువారికి ఇరుప్రక్కల రాతిగుట్టలును, ముండ్లపొదలును కానవచ్చును. ఇట్టి మెట్టనేలను చూడదగిన ప్రాణి యేమున్నదని పలువురు తలంతురు. హిందూపురము చెంత ఆంధ్రదేశమున ప్రవేశించు పెన్నానది అనంతపురము, కడప సీమలను దాటి నెల్లూరు మండలమున సముద్రమును చేరును. ఈ నది పరిసరములందలి పొదలలోనే, భారతదేశమున తప్ప మఱెచ్చటను లేని పక్షి యొకటి కలదు. దానిని శాస్త్రలోకమునకు అందించినవాడు టామస్ కావెర్‌హిల్ జెర్డన్.

జెర్డన్ 1811వ సంవత్సరమున ఇంగ్లండులోని డర్హమ్ మండలమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి, 1836లో మదరాసునకు వచ్చెను. మొదట గంజాము సీమలో జ్వరపీడితులగు సైనికులకు చికిత్స చేయుట ఆయన పని. తీరిక చిక్కినపుడెల్ల పక్షులను సేకరించుచుండెను. అట్లు కూర్చిన వానిని, పేర్లు తెలుపుమని స్కాట్లండులోని యొక పండితునకు పంపగా, ఓడ ప్రయాణములో వానిని చిమ్మటలు పాడుచేసెను. ఎన్ని నాళ్ల శ్రమయో వ్యర్థమయ్యెను! మఱియొకడైనచో ఆ పని అంతటితో విడిచియుండును. జెర్డన్ నాటినుండి పరుల తీర్పునకై వేచియుండక తానే పక్షులను గుర్తింప మొదలిడెను. దక్షిణదేశపు పక్షులను గూర్చి ఆయన వ్రాసిన పట్టిక 1839లో మదరాసు పత్రికలో వెలువడజొచ్చెను.

పిమ్మట ఆయన నెల్లూరున సివిల్ సర్జనుగా నుండెను. అచటి యానాదులు అడవి నెఱిగినవారు. ఏ ప్రాణి యే పొదను ఆశ్రయించునో, ఏ వేళ వెలికి వచ్చునో వారికి తెలియును. జెర్డన్ వారినుండి పెక్కు సంగతులు గ్రహించెను. నెల్లూరు, కడప కొండల సీమలో ఆయనకు ఱొమ్మున రెండు పట్టీలు గల యొక చిన్నపక్షి లభించెను. కలకత్తాలోని బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు 1848లో దానికి శాస్త్రనామ మొసగెను. పల్లెవాసులు దానిని కలివికోడి యందురు.

ఆ పక్షిని చూచు భాగ్యము తరువాత బహు కొలదిమందికే కలిగెను. 1900లో పెన్నాలోయయందు అనంతపురము చెంత దానిని చూచినట్లు తెలియుచున్నది. అటుపిమ్మట ఎనుబదియాఱేండ్లు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. పలువురు వెదకి విఫలులైరి. అది నశించినదనియే తలంపబడెను. నిజమునకు అది రాత్రులందు సంచరించును. పగలు పొదల నీడను కదలక యుండును. ప్రక్కనుండి పోయినను కానరాదు. తుదకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పల్లెలలోని వేటకాండ్రను విచారించుచు తిరుగగా, 1986 జనవరిలో కడప మండలమందలి రెడ్డిపల్లె చెంత ఒక గ్రామస్థుడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టెను. వృద్ధుడగు సాలీం అలీ పండితుడు దానిని చూడ వచ్చెను. కాని ఆ పక్షి కొలది దినములకే మరణించెను. తరువాత ఆ జాతి రక్షణకై శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను.

జెర్డన్ ఇవి యేవియు నెఱుగడు. వేయికి పైబడిన పక్షులను వర్ణించిన ఆయన మహాగ్రంథము 1862 మొదలు 1864 వఱకు వెలువడెను. మూడేండ్లకు భారతదేశపు క్షీరదములను గూర్చియు ఒక గ్రంథము వ్రాసెను. 1870లో స్వదేశమునకు మరలిపోయి, 1872 జూన్ 12వ తేదీన మరణించెను. ఆ పక్షిగ్రంథమున కలివికోడిని గూర్చి యున్నవి కొలది పంక్తులే. అది రాత్రులందు తిరుగునను మాట అందు లేదు.