అబ్రహాం లింకన్ - కొత్త నేలపై పాత సంకెల

అబ్రహాం లింకన్ తెలుగువారికి కొత్తవాడు కాడు. విజ్ఞానచంద్రికా మండలి తన తొలి గ్రంథంగా 1907లో ప్రకటించినది ఆయన చరిత్రనే. దానిని రచించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మరుసటి ఏడే రాజద్రోహ నేరంపై శిక్షపడి మన వేలూరు జైలులో కష్టాలనుభవించారు. బానిసల విమోచకుని కథ తెలుగులో చెప్పినవారు బందీగా ఉన్న ఊరిలో, ఈ ఉగాదినాడు ఆ మహనీయుని తలచుకొనడం ఉచితం.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీలో చెట్టుదుంగల గుడిసెలో జన్మించాడు. అది బానిసలున్న రాష్ట్రం. 1816లో తండ్రి కుటుంబంతో ఒహాయో నది దాటి ఇండియానాకు వలసపోయాడు. నదికి ఆవలి సీమలో బానిసత్వాన్ని 1787లోనే చట్టం నిషేధించింది. లింకన్ బడిచదువు అంతా కలిపినా ఒక ఏడాది నిండదు. గొడ్డలిపని, పడవపని, దుకాణంలో కొలువు చేస్తూ, పుస్తకాలు అరువు తెచ్చుకొని చదివి, ఇల్లినాయిస్‌లో వకీలైనాడు.

1846లో మెక్సికోతో యుద్ధం వచ్చింది. 1848 సంధితో కాలిఫోర్నియా మొదలైన విశాల భూభాగం అమెరికా వశమైంది. ఆ కొత్త నేలకు బానిసలను తీసుకొనిపోవచ్చునా? పోవచ్చునన్నారు దక్షిణాది భూస్వాములు. అక్కడ బానిస రాష్ట్రాలు ఏర్పడితే సెనేటులో వారి బలం పెరుగుతుంది. కూడదని విల్మట్ అనే సభ్యుడు తెచ్చిన నిబంధన ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేటు దాటలేదు. 1847 నుండి 1849 వరకు ఆ సభలో ఉన్న లింకన్ ఆ నిబంధన పక్షాన పలుమార్లు ఓటు వేశాడు.

తరువాత ఆయన వకీలు వృత్తిలో మునిగిపోయాడు. 1854లో సెనేటరు డగ్లస్ తెచ్చిన చట్టం, 1820 నాటి ఒడంబడికలోని ఎల్లను చెరిపివేసి, కాన్సస్, నెబ్రాస్కా సీమలలో ఈ ప్రశ్నను అక్కడ స్థిరపడినవారికే విడిచింది. కాన్సస్‌లో నెత్తురు పారింది. లింకన్ మళ్ళీ రాజకీయాలలో దిగాడు. 1858లో డగ్లస్‌తో ఏడు ఊళ్ళలో వాదించాడు. సెనేటు స్థానం దక్కలేదు గాని, దేశమంతటా పేరు వచ్చింది.

ఉన్నచోట బానిసత్వాన్ని వెంటనే తీసివేస్తానని ఆయన అప్పట్లో అనలేదు. అందుకు ఆయనను నిందించినవారూ ఉన్నారు. అయితే దానిని కొత్త నేలకు మాత్రం పోనీయనన్నాడు. వ్యాపించడం ఆగితే అది క్రమంగా నశిస్తుందని ఆయన నమ్మకం. 1860లో అధ్యక్షుడుగా ఎన్నికై, పదవి స్వీకరించేలోగానే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి. కొంత నేల వదలి శాంతి నిలుపుకొమ్మని పెద్దలు చెప్పారు. ఇతర విషయాలలో మెత్తబడినవాడు ఈ ఒక్కదానిలో మెత్తబడలేదు. నాలుగేళ్ళ ఘోరయుద్ధం సాగింది. 1862లో కొత్త సీమలన్నిటిలో బానిసత్వం నిషిద్ధమైంది. 1863 జనవరి 1న తిరుగుబాటు రాష్ట్రాల బానిసలు స్వతంత్రులని ఆయన ప్రకటించాడు. 1865 ఏప్రిల్ 14న తుపాకిగుండు తగిలి మరునాడు మరణించాడు. ఆ డిసెంబరులో బానిసత్వం దేశమంతటా రద్దయింది.

బ్రతుకుతెరువుకై వేలూరు, గుడియాత్తం చేరిన మనకూ ఇందులో ఒక పాఠం ఉన్నది. వలస వచ్చినవాడు తన భాషను, పండుగను వెంట తెచ్చుకొనవలసిందే. కులాల ఎక్కువతక్కువల మూటను మాత్రం పొలిమేరలోనే దించి రావచ్చు. సోదరసోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు.