డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పత్తి, మిరప పండే మన మైదానాలనుండి సముద్రతీరానికి పోయినప్పుడు, బోదకాలు ఈడ్చుకొని నడిచే వృద్ధులను మేము బాల్యంలో చూచియున్నాము. ఆ వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్‌కార్బమజైన్ మాత్ర వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నదని మాకు చాలాకాలం తెలియదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్ పరీక్ష మూడవసారి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన విద్యార్థులకు మేము ఈ సంగతినే చెబుతుంటాము. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. కు బదులు తక్కువ పట్టాతో సరిపెట్టుకొన్నారు. స్ప్రూ వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొన్నది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధనవైపు నడిపించింది. హార్వర్డులో రాత్రివేళ ఆసుపత్రి కూలిగా పనిచేస్తూ చదివి, ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. లపై ఫిస్కేతో కలిసి అమూల్యమైన కృషి చేశారు. అయినా అక్కడ స్థిరమైన కొలువు దక్కలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నేతృత్వాన బోదవ్యాధి మందుకై అన్వేషణ సాగింది. మనుష్యులకంటె ముందు జంతువులు కావలసివచ్చాయి. అమెరికా పత్తిచేలలో తిరిగే ఒక జాతి ఎలుకకు ఈ కోవకు చెందిన సూక్ష్మమైన పురుగులు సహజంగానే సోకుతాయి. మరొక జాతి పురుగు కుక్కల గుండెలో కాపురముంటుంది. ఈ రెంటిమీద రసాయనాలను ఒకదాని వెంట ఒకటిగా పరీక్షించి, 1947లో ఫలితం ప్రకటించారు. మన గుంటూరు రైతుకు ఎలుక శత్రువే గాని, బోదరోగికి ఆ పరదేశపు ఎలుక మేలే చేసినది!

ఆయన విభాగంలోనే, డెబ్బదేండ్లు పైబడిన డగ్గర్ మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ సాధించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే ఆద్యము. 1948లో అది వైద్యలోకంలో ప్రవేశించింది. ఆ యేడాది ఆగస్టు 8ననే సుబ్బారావుగారు ఏబది మూడవ యేట కన్నుమూశారు.

తరువాతి కథ ఆయన చూడలేదు. కొద్ది నెలలకే సహోద్యోగులైన జూక్స్, స్టోక్‌స్టాడ్‌లు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపగా, అవి అసాధారణంగా పెరిగాయి. కోళ్ళ దాణాలో, పందుల దాణాలో మందు కలపడం లోకాచారమైంది. రోగం లేని పశువుకు నిత్యం మందు పెడితే, సూక్ష్మజీవులు దానికి లొంగకపోవడం నేర్చుకొంటాయి. ఆ మొండి క్రిములు మానవులకూ సోకుతాయి. ఇట్టి వాడుకను ఐరోపా 2006లో నిషేధించింది. కొలిస్టిన్ అను మరొక మందును పశువులకు వాడరాదని మన దేశం 2019లో ఆజ్ఞాపించింది. బాపట్ల, చీరాల తీరపు చెరువుల రొయ్యలను విదేశాలకు పంపేముందు, వాటిలో ఇట్టి మందుల శేషాలున్నవేమోనని నేడు పరీక్షిస్తున్నారు.