బోదకాలుకు మందిచ్చిన సుబ్బారావుగారు

గోదావరి సీమకు బోదకాలు క్రొత్త వ్యాధి కాదు. ఆ సీమయందే, భీమవరమున, 1895లో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. సోదరులిరువురు గ్రహణి వ్యాధికి బలియైరి. ఆ దుఃఖము వారిని పరిశోధనకు పురికొల్పెను. మద్రాసున వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశ్రమించి, 1940లో లెడర్లీ సంస్థకు వెళ్ళిరి. అచట వారి నాయకత్వమున 1947లో డైఇథైల్ కార్బమజీన్ వెలువడెను. దోమకాటువలన దేహమున చేరిన పురుగులు రక్తములో విడుచు సూక్ష్మక్రిములను ఆ మందు నశింపజేయును.

మరుసటి యేడు, స్వదేశమును మరల చూడకయే, వారు కన్నుమూసిరి. 2004 నుండి వ్యాధి వ్యాపించిన జిల్లాలలో మన ప్రభుత్వము ఇంటింట పంచిన మాత్ర అదియే. వాచిన కాలును అది మునుపటివలె చేయజాలదు. కనుకనే ఆరోగ్యవంతులును దానిని మ్రింగవలెను. ఈ సంగతిని బాలురకు బోధించుటయే సుబ్బారావుగారికి తగిన స్మారకము.