అమృతాంజనం ఆదాయం, అక్షరానికి అంకితం: విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు

తలనొప్పికి నుదుట రాసుకునే పసుపుపచ్చని లేపనం పేరు ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ లేపనం వల్ల వచ్చిన ధనం ఎక్కడికి చేరిందో ఎరిగినవారు మాత్రం నానాటికీ తగ్గిపోతున్నారు. ఆ ధనం వార్తాపత్రిక అయింది, సాహిత్య మాసపత్రిక అయింది, సామాన్యుడి చేతికందే పుస్తకం అయింది, ఆపదలో ఉన్నవారికి ఆసరా అయింది. దీనికంతటికీ కారకులు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

నాగేశ్వరరావు 1867 మే 1న కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్య. మచిలీపట్నంలో చదువుకుని, తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. కందుకూరి వీరేశలింగం రచనలు ఆ వయసులోనే ఆయన మనసుపై బలమైన ముద్ర వేశాయి. పుస్తకం మనిషిని మార్చగలదన్న సంగతిని ఆయన ముందుగా తన జీవితంలోనే చూశారు. జీవనోపాధి వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి మందుల తయారీలో మెలకువలు నేర్చుకున్నారు. ఆపైన బొంబాయి చేరి 1893లో అమృతాంజనం తయారీకి శ్రీకారం చుట్టారు. కొత్త మందును జనం వెంటనే నమ్మలేదు. అందుకని సంగీత సభలకు వచ్చిన శ్రోతలకు ఉచితంగా పంచిపెట్టారు. పాట వినడానికి వచ్చినవారు మందు సీసాతో ఇంటికి వెళ్లారు. అనతికాలంలోనే ఆ పేరు దేశమంతటా పాకింది.

వ్యాపారం నిలదొక్కుకున్న తర్వాత చాలామంది ఆస్తి పెంచుకునే మార్గాలు చూస్తారు. నాగేశ్వరరావు ఆలోచన మరోదారి పట్టింది. 1907లో సూరత్ కాంగ్రెస్ మహాసభకు హాజరైన ఆయనకు, దేశంలో జరుగుతున్న సంగతులు తెలుగువారికి తెలుగులోనే చెప్పే పత్రిక కావాలనిపించింది. మరుసటి ఏడాది, 1908లో, బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగుగడ్డకు అంత దూరాన, మరాఠీ, గుజరాతీ మాటల నడుమ ఒక తెలుగు పత్రిక పుట్టడం సామాన్య విషయం కాదు.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ ఘట్టం మరింత దగ్గరగా తోస్తుంది. ఆ నగరానికి ప్రాణమైన ఉక్కు సంస్థ 1907లో నమోదైంది కూడా బొంబాయిలోనే. కర్మాగారం వెలిశాక దేశం నలుమూలల నుంచి శ్రామికులు తరలివచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. భాలుబాసా వంటి బస్తీలో గడప దాటితే హిందీ, బెంగాలీ, ఒడియా వినిపిస్తాయి. అటువంటి చోట ఇంటి భాషను నిలుపుకోవడం ఎంత పట్టుదలతో కూడిన పనో అక్కడివారికి ఒకరు చెప్పనక్కర్లేదు. నాగేశ్వరరావు చేసిన పని సరిగ్గా అదే. బతుకుతెరువు కోసం ఊరు విడిచారు గానీ, భాషను విడవలేదు.

1914లో పత్రిక మద్రాసుకు తరలి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా మారింది. అదే నెల 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. రోజూ చదవడానికి పత్రిక, ఊరూరా కూర్చుని చదువుకోవడానికి గ్రంథాలయం: ఈ రెండూ తెలుగువారికి ఒకే నెలలో సమకూరాయి. ఆ ఉద్యమానికి నాగేశ్వరరావు తన పత్రికతోనూ ధనంతోనూ అండగా నిలిచారు.

పత్రిక నడపడం లాభసాటి వ్యవహారం కాదు. పైగా జాతీయోద్యమాన్ని సమర్థించే పత్రికపై ప్రభుత్వానికి ఎప్పుడూ ఒక కన్ను ఉండేది. అయినా ఆయన అంతటితో ఆగలేదు. 1924లో భారతి మాసపత్రికను ప్రారంభించారు. ప్రాచీన శాసనాలపై పండితుల చర్చలకూ, చిత్రలేఖనం, సంగీతం, శిల్పం వంటి కళల పరిచయానికీ, కొత్త కవుల ప్రయోగాలకూ అందులో చోటు దొరికింది. విశ్వనాథ సత్యనారాయణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ వంటి వారి రచనలు ఆ పుటల్లో వెలుగు చూశాయి. భారతిలో అచ్చు కావడమే రచయితకు గౌరవంగా భావించే కాలం వచ్చింది.

1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించారు. అపురూపమైన గ్రంథాలను తక్కువ ధరకు అందించడం దాని ఉద్దేశం. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో ఆ మాలలోనే వచ్చింది. పండితుల అలమారాల్లో దాగిన సాహిత్యం అలా సాధారణ పాఠకుని ఇంటికి చేరింది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం నిర్మించాలని శ్రమించిన కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూయగా, సగంలో నిలిచిపోయిన ఆ మహాకార్యాన్ని కొనసాగించే భారాన్ని కూడా నాగేశ్వరరావే తలకెత్తుకున్నారు. మరొకరి కలను తన కలగా స్వీకరించడం ఆయన ఔదార్యంలో ఒక ముఖం.

మరో ముఖం ఆయన దానం. పేద విద్యార్థులు, రచయితలు, కళాకారులు, పాఠశాలలు, గ్రంథాలయాలు, జాతీయోద్యమ కార్యకర్తలు ఇలా ఎందరో ఆయన సహాయం పొందారు. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని పిలుచుకున్నారు. గాంధీజీ విశ్వదాత అని కొనియాడారు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించిన ఆయన, ఇచ్చి ఊరుకోలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, అరవై ఏళ్లు పైబడిన వయసులో చెరసాలకు వెళ్లారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య అపనమ్మకం పెరుగుతున్న రోజుల్లో, 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. మద్రాసులోని ఆయన గృహం పేరే ఆ ఒప్పందానికి పేరైంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటాన్ని చూడకుండానే ఆయన 1938 ఏప్రిల్ 11న తుదిశ్వాస విడిచారు. పత్రికల బాధ్యతను అల్లుడు శివలెంక శంభుప్రసాద్ స్వీకరించారు.

ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. మైలాపూరులో ఆయన పేరిట ఉన్న ఉద్యానవనంలో నేటికీ జనం సాయంకాలాలు గడుపుతున్నారు. భారతి పాత సంచికలు పరిశోధకులకు ఇప్పటికీ ఆధారమే. నాగేశ్వరరావు జీవితం నుంచి ప్రేరణ పొందడానికి ఆయనంత సంపద అక్కర్లేదు. రోజూ నాలుగు పుటలు తెలుగు చదవడం, చదివిన పుస్తకాన్ని పక్కింటి పిల్లల చేతికివ్వడం, ఊరి కళాకారుని ప్రదర్శనకు వెళ్లి కూర్చోవడం భాలుబాసాలో ఉన్నా బందరులో ఉన్నా సాధ్యమే. ఆయన పెద్ద ఎత్తున చేసినదీ ఈ పనులే.