రచనకు రాచబాట వేసిన గిడుగు

విన్నదీ కన్నదీ స్వయంగా సేకరించి, పరిశీలించి, తన మాటలలో రాసినప్పుడే విద్యార్థికి రచనాశక్తి అలవడుతుంది. నేడు ప్రాజెక్టు పని పేరిట తరగతి గదులలో ప్రవేశించిన ఈ పద్ధతిని శతాబ్దానికి పూర్వమే తన జీవితంలో ఆచరించి చూపిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. ఉద్యోగరీత్యా చోడవరానికి బదిలీ అయిన తండ్రి 1875లో విషజ్వరంతో మరణించారు. బంధువుల అండతో విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదివి పట్టభద్రులయ్యారు.

శ్రీముఖలింగ దేవాలయ శాసనాలు ఆయనను ఆకర్షించాయి. గురువు లేకుండానే ప్రాచీన లిపులను నేర్చుకొని వాటిని చదివారు. పర్లాకిమిడి పరిసరాల కొండలలో నివసించే సవరల భాష ఆయనకు మరొక పాఠశాల అయింది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, నిఘంటువు లేదు. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట ఉంచుకొని, కొండ గ్రామాలకు స్వయంగా వెళ్ళి, పదాలను, పాటలను, కథలను ప్రజల నోటినుండి విని రాసుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రచించి, సొంత ధనంతో బడులు నడిపారు. ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి శక్తి దెబ్బతిన్నది. పరుల మాటలను చెవియొగ్గి విని ఒక భాషను గ్రంథస్థం చేసిన మహనీయునికి చెవులే దూరమయ్యాయి. అయినా పని ఆగలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడ్డాయి.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ప్రశ్న 1907 ప్రాంతంలో విశాఖపట్టణంలో తలెత్తింది. ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఏ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకాలలో చదివే తెలుగుకూ అంత అంతరం ఎందుకని సందేహించారు. విశాఖలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గిడుగు, గురజాడల పేర్లు సూచించారు. ప్రజల నోటి భాషను అప్పటికే శాస్త్రీయంగా పరిశీలిస్తున్న రామమూర్తికి సమస్య మూలం బోధపడింది. విద్యార్థి తాను వాడని మాటలతో వ్యాసం రాయవలసివస్తే భావం వెనుకబడి, కంఠస్థం చేసిన వాక్యాలే ముందుకు వస్తాయి. శిష్టజనుల వాడుక భాషలో రాయనిస్తే అతని ఆలోచన, అనుభవం రచనలో నిలుస్తాయి.

1912-13లో స్కూలు ఫైనలు వ్యాసరచనకు కావ్యభాషనుగాని, ఆధునిక భాషనుగాని వాడవచ్చునని అనుమతి లభించింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతుల వ్యతిరేకతతో కొద్దికాలానికే అది రద్దయింది. రామమూర్తి వెనుదీయలేదు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు. 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపారు. గ్రాంథికమే రాయాలని శాసించే పండితుల రచనలలోనే ఆ నియమాలు తప్పిన తీరును ఆధారాలతో నిరూపించారు. ప్రాచీన కావ్యాలను ఆయన ద్వేషించలేదు; వాటిని శ్రద్ధగా చదివినందువల్లనే భాష కాలానుగుణంగా మారుతుందని గ్రహించారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఆయన దశాబ్దాలుగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. తాను కోరిన వ్యావహారికం విశ్వవిద్యాలయాలలో పరీక్షలకు, పరిశోధనలకు అంగీకృతం కావడాన్ని ఆయన చూడలేదు. అందుకు మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆయన జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

విశాఖ రేవులో పనిచేసే కార్మికుని మాట, ఉక్కు కర్మాగారపు పని తీరు, పెదజాలరిపేట మత్స్యకారుని అనుభవం కూడా వ్యాసానికి తగిన వస్తువులే. వాటిని అడిగి తెలుసుకొని, సరిచూసుకొని, సొంత మాటలలో రాసిన విద్యార్థి గిడుగు వేసిన బాటలో నడిచినవాడవుతాడు. పరీక్షలో రాసే ప్రతి సొంత వాక్యం వెనుక ఆ మహోపాధ్యాయుని పోరాటం ఉన్నదని మరువరాదు.