ఆకలి వేళ లేచిన దేవాలయం

మెదక్ వెళ్లినప్పుడల్లా మనం తలెత్తి 175 అడుగుల గోపురాన్ని చూస్తాం. దాన్ని కట్టిన చేతులను మాత్రం తలచుకోం. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు తలచుకున్నది ఆ చేతులనే.

ఇంగ్లండు నుంచి 1895లో సికింద్రాబాదు వచ్చిన ఈ మెథడిస్టు దైవసేవకుడు మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య చేశారు. అంతటితో తృప్తిపడక పల్లె ప్రజలను వెదుక్కుంటూ మెదక్ చేరారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కరువు, వ్యాధులు ఆ ప్రాంతాన్ని పీడించాయి. ఊరకే పెట్టే అన్నం ఆకలి తీరుస్తుంది గాని తినేవాడి తల వంచుతుంది. అందుకే పాస్నెట్ దేవాలయ నిర్మాణంలో పేదలకు పని చూపించారు. వారు చెమటోడ్చి సంపాదించుకున్న అన్నం తిన్నారు. పదేళ్ల శ్రమ తర్వాత 1924 డిసెంబరు 25న, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుతో ఆ ఆలయం ప్రతిష్ఠ జరిగింది.

రంగు అద్దాల కిటికీల్లో క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో అమర్చారు. సిలువ దృశ్యం వచ్చింది 1958లో. 1950లో ప్రభువునందు నిద్రించిన పాస్నెట్ దాన్ని చూడనేలేదు. విత్తినవాడు పంటంతా చూడాలని లేదు కదా!

ఇక్కడ గగన్‌పహాడ్, శంషాబాద్ పరిసరాల్లో మనమూ మందిరాలు కట్టుకుంటున్నాం. గోడ ఎంత లేచిందో చూసుకుంటాం. ఇటుకలు మోసిన వలస కూలీకి సాయంత్రానికి కూలి ముట్టిందా? యాకోబు పత్రిక 5:4 ముందు పెట్టుకొని, ప్రతిష్ఠ పండుగకు ముందే ఆ లెక్క సరిచూసుకుందాం.