హల్ హౌస్ సంస్థాపకురాలు జేన్ ఆడమ్స్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిచిగన్ సరస్సు తీరమున చికాగో నగరము కలదు. 1850లో అందలి జనసంఖ్య సుమారు 30 వేలు. 1890 నాటికి అది 11 లక్షలకు చేరెను. కేవలము జననములచేత ఏ యూరును 40 ఏండ్లలో ఇట్లు పెరుగజాలదు. రైలుమార్గములును, కర్మాగారములును పనివాండ్రను పిలువగా ఐర్లండు, జర్మనీ, బొహీమియా, ఇటలీ, రష్యా దేశములనుండి పేదజనము ఓడలెక్కి వచ్చి అచట స్థిరపడెను. 1890లో ఆ నగరవాసులలో నూటికి 70 మందికి పైగా పరదేశమున పుట్టినవారో, అట్టివారి బిడ్డలో. ఆ నగరమున ఒక పేదల పేటలో జీవితాంతము వసించి, దానిని వీథి వీథిగా ఎరిగిన విదుషీమణి జేన్ ఆడమ్స్.

ఆమె 1860వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన ఇల్లినాయిస్ రాష్ట్రమునందలి సీడర్‌విల్ గ్రామమున జన్మించెను. తండ్రి మర యజమాని, రాష్ట్ర శాసనసభ్యుడు, లింకను మహాశయునకు మిత్రుడు. తల్లి ఆమె రెండేండ్ల ప్రాయముననే గతించెను. చిన్ననాటి వ్యాధిచే జేన్ వెన్నెముక వంగిపోయెను. అందగాడైన తన తండ్రికి ఇట్టి కూతురు కలదని పరాయివారు ఎరుగరాదని తలచి, ఆదివారము చర్చికి పోయినపుడు ఆ బాలిక తండ్రిని విడిచి, ఆయన సోదరుని ప్రక్కన నడచెడిదట.

1881లో రాక్‌ఫర్డ్ విద్యాలయమున ఆమె చదువు ముగిసెను. ఆ యేడే తండ్రి మరణించెను. వైద్యవిద్యకై ఫిలడెల్ఫియా వెళ్ళి, అనారోగ్యమువలన దానిని మానుకొనెను. పిమ్మట కొన్ని సంవత్సరములు ఏమి చేయవలెనో తోచక గడచిపోయెను. 1888లో లండను తూర్పు భాగమున టాయిన్బీ హాలు అను గృహమును చూచెను. చదువుకొన్న యువకులు పేదల నడుమ నివసించుచు వారికి తోడ్పడుచుండిరి. ఆమెకు త్రోవ దొరకెను.

1889 సెప్టెంబరు 18వ తేదీన తన స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్‌తో కూడి చికాగోలో హాల్‌స్టెడ్ వీథియందలి యొక పాత మేడలో ప్రవేశించెను. ఆ మేడను 1856లో చార్లెస్ హల్ అను ధనికుడు ఊరి వెలుపల ప్రశాంతముగా ఉండునని కట్టుకొనెను. ముప్పది ఏండ్లలో ఊరే దానిని దాటిపోయెను. ధనికులు దూరపు పేటలకు తరలిరి. వారు విడిచిన యిండ్లు గదులు గదులుగా విడిపోయి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము చేరెను. మేడకు ఒక ప్రక్క సారాయి అంగడి వెలసెను. నగరములు పెరుగు తీరే యిట్టిది: నిన్నటి ఊరి పొలిమేర నేటి నడిబజారగును.

తొలుత ఆమె యూరపునుండి తెచ్చిన చిత్రపటములను గోడలకు తగిలించి, ఇరుగుపొరుగు స్త్రీలకు నవలలు చదివి వినిపించెను. ఇది కొంత అమాయకమైన ఆరంభమనియే చెప్పవలెను. తల్లులు కర్మాగారములకు పోగా పసిపిల్లలు తాళము వేసిన గదులలో పడియుండిరి. ఒక బిడ్డను బల్లకాలికి కట్టి తల్లి పనికి పోయెడిది. ఇది తెలిసిన వెంటనే శిశుశాలలు వెలసెను.

పేటను బాగుచేయుటకు ముందు దానిని ఎరుగవలెనని ఆమె గ్రహించెను. 1895లో హల్ హౌస్ వారు ప్రకటించిన గ్రంథమున రెండు పటములు కలవు. ఒకదానిలో ఏ యింట ఏ జాతివారున్నారో, రెండవదానిలో వారి వారపు రాబడి యెంతో రంగులతో గుర్తించిరి. చదరపు మైలులో మూడవ వంతు స్థలమున 18 జాతులవారు కనబడిరి! ఆ యేడే ఆమె పేటకు చెత్త పర్యవేక్షకురాలిగా నియమింపబడెను. తెల్లవారుజామున లేచి చెత్తబండ్ల వెంట నడచెడిది. ఒక సందులో ఒకటిన్నర అడుగు మందము చెత్తను త్రవ్వగా దాని క్రింద రాతిబాట బయటపడినదట.

ఇంతకంటె సూక్ష్మమైన కష్టమొకటి ఆ పేటలో నుండెను. పిల్లలు బడిలో ఇంగ్లీషు త్వరగా నేర్చిరి, తల్లిదండ్రులు నేర్వలేకపోయిరి. అంగడిలోను, కచ్చేరిలోను పిల్లలే దుబాసీలు. ఇంటి పెద్దరికము తలక్రిందులై, పిల్లలకు తల్లి మాటయు, తల్లి కట్టును సిగ్గుగా తోచెను. అన్యభాషా ప్రాంతములలో బిడ్డలను పెంచు మన తల్లిదండ్రులకు ఇది వినని సంగతి కాదు. ఒకనాడు ఆమె వీథిలో పోవుచు, మెట్లమీద కూర్చుండి తకిలితో నూలు వడకుచున్న ఇటలీ వృద్ధురాలిని చూచెను. దాని ఫలితముగా 1900లో హల్ హౌస్‌నందు శ్రమ ప్రదర్శనశాల ఏర్పడెను. వేర్వేరు దేశముల స్త్రీలు తమ తమ పద్ధతులలో వడకుట, నేయుట అందు చూపుచుండిరి.

వారిలో ఒక ఇటలీ స్త్రీ కలదు. ఆమె కూతురు అదే వేళ అచట వంట నేర్వ వచ్చెడిది. కాని తలకు గుడ్డ కట్టుకొన్న తల్లితో కనబడుటకు నామోషీపడి వేరొక ద్వారమున ప్రవేశించెడిది. ఒక సాయంకాలము ఉపాధ్యాయులు కొందరు తన తల్లి చుట్టును చేరి ఆ నైపుణ్యమును మెచ్చుకొనుట ఆ పిల్ల చూచెను. తల్లి పుట్టిన పల్లెను గూర్చి జేన్ ఆమెకు వివరించెను. తండ్రి ప్రక్కన నడువ జంకిన తన బాల్యము అప్పుడు జ్ఞప్తికి వచ్చియుండునేమో! కొన్నాళ్ళకు మంచము క్రింది పెట్టెలో దాగిన ఇంటినేత వస్త్రములు బయటికి వచ్చెను. ఆ పిల్ల తల్లి వచ్చు ద్వారముననే రాసాగెను.

పేట మారుచునే యుండెను. ఇటలీవారి వెనుక గ్రీకులు, 1920 తరువాత మెక్సికోవారు వచ్చిరి; వారి కుమ్మరిపనికి అచట ఆవములు వెలసెను. ప్రపంచ యుద్ధమును వ్యతిరేకించి ఆమె పత్రికల నిందలకు గురియయ్యెను. 1931లో నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1935 మే 21వ తేదీన పరమపదించెను.

అప్పటికి హల్ హౌస్ 13 భవనముల సముదాయము. 1960 తరువాత విశ్వవిద్యాలయ నిర్మాణమునకై నగరాధికారులు ఆ స్థలమునే ఎన్నుకొనిరి. పేటలోని స్త్రీలు న్యాయస్థానములకెక్కి పోరాడియు ఓడిపోయిరి. వేలకొలది జనము చెదరిపోయెను. నేడు విశ్వవిద్యాలయ భవనముల నడుమ పాత మేడయు, భోజనశాలయు మాత్రమే ప్రదర్శనశాలగా నిలిచియున్నవి.